దారి హక్కు, జేబులోని ఫోను

సకల స్తోత్రాలూ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక!

ధర్మసోదరులారా! దైవభీతి కలిగి జీవించవలసిందిగా మొదట నాకూ, తరువాత మీకూ హితవు చెప్పుకుంటున్నాను.

దైవప్రవక్త (సఅసం) ఒకసారి అంచు అల్లిక ఉన్న వస్త్రం కప్పుకుని నమాజు చేశారు. నమాజు మధ్యలో వారి చూపు ఆ అల్లికపై పడింది. నమాజు ముగిసిన వెంటనే ఆ వస్త్రాన్ని అబూ జహమ్ (రజి)కు పంపివేసి, ఆయన వద్ద ఉన్న సాదా దుప్పటిని తెప్పించుకున్నారు. ఆ అల్లిక తమ ధ్యాసను మళ్లించిందని కారణం చెప్పారు. హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అంతటి నిగ్రహం గల మహనీయులు సైతం తమ నిగ్రహం మీద భారం వేయక, ధ్యాసను లాగే వస్తువునే దూరం పెట్టారు. మరి జేబులో ఫోను మోగినప్పుడు "నేను చూడనులే" అని మనం మన మనసుకు ఇచ్చుకునే హామీ విలువ ఎంత?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన రెండు పంక్తులు చదవడానికి అయిదు సెకన్లు పట్టిందనుకోండి. ఆ లోపల 80 మీటర్లకు పైగా దారిని చూడకుండానే దాటి ఉంటాము. కళ్లకు గంతలు కట్టుకుని అంత దూరం నడపమంటే మనలో ఎవరూ ఒప్పుకోరు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాలపై వెళ్లినవారే. ఈ మరణాలన్నిటికీ ఫోనే కారణమని నేననను. అతివేగం పాలే అధికం. అయితే వేగంగా పోయేవానికి కనీసం దారి కనిపిస్తూ ఉంటుంది.

ఇక మన ధర్మశాస్త్రం ఏమంటున్నదో చూడండి. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం తీసినవాని విషయం దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 92వ ఆయతులో ఉంది. మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించాలి. అంతటితో తీరదు. ఒక బానిసకు విముక్తి కలిగించాలి. అది సాధ్యం కానివారు ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలి. ఉద్దేశం లేకపోయినంత మాత్రాన బాధ్యత తొలగిపోదన్నమాట. పరిహారపు సొమ్ము బీమా సంస్థ కట్టవచ్చు. ఆ ఉపవాసాలు మాత్రం వేరొకరు ఉండిపెట్టేవి కావు. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1993లో బ్రూనైలో సమావేశమై, ట్రాఫిక్ నియమాలను పాటించడం ధార్మిక విధి అనీ, వాహనం వల్ల ఇతరులకు కలిగే నష్టానికి నడిపేవాడే బాధ్యుడనీ తీర్మానించింది. మన దేశ మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తరువాత, నడుపుతూ ఫోను చేతపట్టడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగుగానే లెక్కిస్తున్నది. జరిమానా వేయి నుండి అయిదు వేల రూపాయల వరకు, జైలుశిక్ష కూడా ఉండవచ్చు. పోలీసు కనిపించగానే ఫోను దించేవారు, అల్లాహ్ చూపు నుండి దాన్ని ఎక్కడ దాచగలరు?

"ఇంట్లో అమ్మకు బాగాలేదు, ఫోను ఆపేస్తే ఎలా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోను మొత్తం ఆపవలసిన పని లేదు. 'డూ నాట్ డిస్టర్బ్' అనే ఏర్పాటు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోనులో ఉంది. మీరు ఎంచుకున్న ఇద్దరు ముగ్గురి కాల్స్ మాత్రమే మోగేటట్లు, మిగతా శబ్దాలన్నీ అణగిపోయేటట్లు అందులో అమర్చుకోవచ్చు. వెంటవెంటనే రెండోసారి చేసినవారి కాల్ వచ్చేటట్లు కూడా పెట్టుకోవచ్చు. బండి కదిలినప్పుడు దానంతట అదే ఈ పని చేసే ఫోన్లూ ఉన్నాయి. ఈ అమరిక తెలియని పెద్దలకు ఇంట్లోని పిల్లలు ఈరోజే చేసిపెట్టండి. అమ్మ కాల్ వచ్చినా సరే, బండి పక్కకు ఆపిన తరువాతే ఎత్తాలి.

ఆటో నడిపే సోదరులకు, ఆర్డర్లు చేరవేసే యువకులకు ఈ మాట అంత తేలిక కాదని నాకు తెలుసు. వారికి ఫోనులోనే జీవనోపాధి. కువైట్‌లోనో, సౌదీలోనో డ్రైవరు ఉద్యోగం చేస్తున్న మన కడప, రాయచోటి సోదరులకు యజమాని కాల్ ఎత్తకపోతే కోపమొస్తుందన్న భయం ఉంటుంది. కాబట్టి ఈ పాపంలో భాగం కేవలం నడిపేవానిది కాదు. అతడు బండి మీద ఉన్నాడని తెలిసీ పదే పదే మోగించే మనది కూడా. బిర్యానీ పది నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుంది? భర్త దారిలో ఉన్నాడని తెలిసిన ఇల్లాలు, కొడుకు దారిలో ఉన్నాడని తెలిసిన తండ్రి, "ఎక్కడిదాకా వచ్చావు?" అన్న ప్రశ్నను కాసేపు ఆపుకోవడం వారిపై చూపే కారుణ్యమే. పొద్దున్నే పదుల కొద్దీ ధార్మిక సందేశాలు పంపేవారికి కూడా ఒక మనవి: బండి మీద చదివే హదీసు వల్ల పుణ్యం దక్కుతుందని ఎవరూ అనుకోవద్దు.

దారి పక్కన కూర్చునేవారికి సైతం దైవప్రవక్త (సఅసం) దారి హక్కులను విధించారు. చూపును అదుపులో ఉంచుకోవడం, ఇతరులకు హాని కలిగించకపోవడం వాటిలో ఉన్నాయి. స్త్రీలు ఎక్కిన ఒంటెలను వేగంగా తోలుతున్న అంజషా (రజి)ను, గాజు పాత్రలున్నాయి, మెల్లగా పోనిమ్మన్నారు. ఇఖామత్ వినబడినా పరుగెత్తవద్దనీ, నెమ్మదిగా నడిచి రమ్మనీ చెప్పారు. నమాజుకే పరుగు కూడదన్నప్పుడు, రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు ఒక చేత్తో హ్యాండిల్, మరో చేత్తో ఫోను పట్టుకుని దూసుకుపోవడం ఏ ధర్మం?

ఓ అల్లాహ్! ఈ సాయంత్రం మా కోసం గుమ్మంలో ఎదురుచూసే వారి వద్దకు మమ్మల్ని క్షేమంగా చేర్చు. మా చేతుల మీదుగా ఏ ఇంటి దీపమూ ఆరిపోకుండా కాపాడు. రోడ్ల మీద ప్రాణాలు కోల్పోయిన మా సోదరులను, సోదరీమణులను క్షమించు. వారి బిడ్డలకు నీవే ఆసరా కమ్ము. ఆమీన్.