కుందూ లోయ సంఘాలు



ఈ స్మారకోపన్యాసం ఒక ఉపదేశి పేరు మీద జరుగుతోంది. అందుకే బిషప్పుల చరిత్ర కన్నా పల్లె చరిత్రే ఎక్కువ చెబుతాను.

నల్లమలకూ ఎర్రమలకూ నడుమ కుందూ పారే ఈ నేలకు ఆంగ్లికన్ సంఘం కడప వైపు నుంచి వచ్చింది. లండన్ మిషన్‌లో పనిచేసిన విలియం హోవెల్ 1840ల్లో ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్‌లో చేరారు. తర్వాతి దశాబ్దంలో జాన్ క్లే ముత్యాలపాడు కేంద్రంగా పనిచేశారు. నంద్యాల ప్రధాన కేంద్రమైంది ఆ తర్వాతే.

దొరల పేర్లు రికార్డుల్లో ఉన్నాయి. సంఘాన్ని నిలబెట్టింది మాత్రం మాలపల్లె. ఉపదేశి పగలు బడి పంతులు, పొద్దుగూకితే ప్రార్థన నడిపే మనిషి. కూలికి పోయినవాళ్ళు ఇల్లు చేరి, ఇంత తిన్నాకే గంట మోగేది. అక్షరం రాని తల్లులు విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్చారు. ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు గింజలు తీసి దేవుడి కుండలో పోశారు. కోత పండుగ నాడు జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు గుడి ముందు వేలానికి వచ్చేవి. పాస్టరేటు ఖర్చుకు ఆ డబ్బూ ఆధారమే.

ధాత కరువు, అంటే 1876-78 నాటి కరువు, కర్నూలు సీమను ఊడ్చిపెట్టింది. కడప-కర్నూలు కాలువ అప్పటికే తవ్వి ఉన్నా జనం ఆకలికి రాలిపోయారు. ఆ రోజుల్లో సంఘాలు పెరిగిన మాట నిజం. గంజి కోసం చేరారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. కరువుకు ముందే ముత్యాలపాడు చుట్టుపక్కల సంఘాలున్నాయి. వానలు పడ్డాక, గంజి కేంద్రాలు మూతపడ్డాక కూడా మనవాళ్ళు గుడి విడిచిపెట్టలేదు. బిడ్డకు పలక దొరికిన చోటు, తమను పేరు పెట్టి పిలిచిన చోటు అది.

ఇక 1947. ఆ సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ఎస్.ఐ.యు.సి. (దక్షిణ ఇండియా ఐక్య సంఘం) సంఘాలు ఒకటయ్యాయి. మన ప్రాంతం అప్పుడు దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఉండేది. ఐక్యత కోసం పాటుపడిన ఆ మండలపు బిషప్పు అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ రోజు చూడలేదు. అయితే నంద్యాల సంఘాల్లో చాలా భాగం ఇందులో కలవలేదు. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందనివారిని కూడా అయ్యగార్లుగా ఒప్పుకోవడం వాళ్ళకు మింగుడుపడలేదు. కలకత్తాలోని ఆంగ్లికన్ మెట్రోపాలిటన్ బిషప్పు కిందే ఉండిపోయారు.

అలా విడిగా ఉండిపోవడాన్ని మిషన్ సొమ్ము మీది ఆశ అన్నారు, మొండితనమన్నారు. సొమ్ము ప్రసక్తి లేదనను. కానీ తాతల నాటి ప్రార్థన క్రమాన్ని తమదిగా చేసుకున్న జనానికి దాన్ని కాపాడుకునే హక్కు ఉంది. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా దక్కకుండా పోయింది. చుట్టూ ఉన్న సంఘాలకు దూరమై, సర్కారు లెక్కల్లోంచీ జారిపోయి, ఆ కుటుంబాలు పడ్డ పాట్లు ఏ మిషన్ నివేదికా పూర్తిగా చెప్పలేదు. చివరికి 1970ల్లో నంద్యాల దక్షిణ ఇండియా సంఘంలో చేరింది.

అయ్యగార్లకు ఒక్క మనవి. పాత బాప్తిస్మ రిజిస్టర్లలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు వరసగా రాసి ఉంటాయి. భూమి పత్రాల్లో ఎక్కడా లేని మన తాతముత్తాతలు అక్కడున్నారు. చెదలు తినకముందే ప్రతి పాస్టరేటులోనూ వాటిని ఫొటోలు తీయించండి. ఖర్చుకు ఈసారి కోత పండుగ వేలం డబ్బులో కొంత కేటాయించండి.