మన ఆడపిల్లలు, విత్తన పరిశోధన
(పామర్రు స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



మన పామర్రు చేలలో నాట్లు వేయునది స్త్రీలే. వరి కోతకు ముందు చల్లిన మినుములో పల్లాకు తెగులు మొదట కంటబడునదీ వారికే. ఆ మినుము మీదనే మన పొరుగున ఘంటసాల పరిశోధనా స్థానములో పని జరుగుచున్నది. మనము వండుకొను సాంబ మసూరి 1986లో బాపట్ల నుండి వచ్చినది. ఆ పనిలో మన కుమార్తెలు ఎందరున్నారు?

వ్యవసాయ బి.యస్సీ. వరకు చదివించుచున్నాము, అక్కడ ఆపుచున్నాము. నిరుడు ఎం.యస్సీ. సీటు వచ్చిన పిల్లనొకతెను, "చేలగట్ల వెంబడి ఒంటరిగా ఏమి తిరుగును?" అని పెద్దలమైన మేమే ఆపితిమి. తప్పు మాదే.

వరిని సంకరపరచుటకు ముందునాటి సాయంకాలమే పూవులోని ఆరు కేసరములను సన్నని పటకారుతో తీసి, కాగితపు సంచి తొడిగి, మరునాడు పూత విచ్చు వేళకు వేరొక రకపు పుప్పొడి రాల్చవలెను. పొద్దు గుంకకముందే ఇల్లు చేరుమనిన ఈ పని ఎట్లు సాగును? (నాట్లకు చీకటితోనే పంపునప్పుడు మనకీ భయము లేదు సుమా!)

2008లో నైరోబీలో ఆరంభించిన ఒక పథకములో, ఆఫ్రికా స్త్రీ శాస్త్రజ్ఞులకు తలకొక అనుభవజ్ఞుని తోడిచ్చిరి. ఆమె మరల తనకంటె చిన్నదానికి తోడుండవలెను. మనకంత ధనము లేదు. కాని ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయినులున్నారు, వ్యవసాయ శాఖలో పనిచేసినవారున్నారు. ఒక్కొక్కరు ఒక్క పిల్లను చేపట్టి, దరఖాస్తు నింపించి, కౌన్సెలింగుకు వెంట వెళ్లి, హాస్టలు చూచి, తలిదండ్రులతో మాటలాడవలెను.

ఆదివారము ఆరాధన తరువాత పేర్లు వ్రాసికొందుము. నిరుడు ఆగిన పిల్ల పేరే మొదట వ్రాయుదము.