తలకు ఆపరేషన్ అయినోళ్లను రూములో గమనించుడు ఎట్ల?

శుక్రవారం క్యాంపు మీటింగుల నేను చెప్పిన మాటలు, డ్యూటీ ఉండి రానోళ్ల కోసం రాస్తున్న. నేను డాక్టర్‌ను కాదు, సైట్ సూపర్‌వైజర్‌ను.

మెదడులో గడ్డ తీసినంక ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ చేస్తరు. ఊర్లయితే ఇంటోళ్లు చూసుకుంటరు. ఇక్కడ చూసేది రూమోళ్లమే.

మెదడు లోపల, చుట్టూ నీళ్లలాంటి ద్రవం ఉంటది. రోజుకు సుమారు అర లీటరు కొత్తగా ఊరుతది, పాతది రక్తంలో కలుస్తది. ఆపరేషన్ తర్వాత వాపుతోనో, గడ్డకట్టిన రక్తంతోనో ఆ దారి మూసుకుపోవచ్చు. డ్రైనేజీ పైపు జామైతే చాంబర్ పొంగి బయటికొస్తది. పుర్రెలో పొంగే జాగ లేదు, నీళ్లు మెదడునే నొక్కుతయి. దీన్ని హైడ్రోసెఫలస్ అంటరు. కొన్ని రోజులకు రావచ్చు, కొందరికి వారాలు, నెలలు గడిచినంక కూడా వస్తది.

గుర్తులు ఇవి:
• తలనొప్పి పెరుగుడు, ముఖ్యంగా పొద్దున లేవంగనే
• వాంతులు
• ఒకటి రెండుగా కనబడుడు, చూపు మసకబారుడు
• నడుస్తుంటే తూలుడు
• మాట తికమక, మతిమరుపు, తెలవకుండనే మూత్రం పోవుడు
• కుట్ల దగ్గర ఉబ్బు, కుట్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ నీళ్లలాంటిది కారుడు
• నిన్నటికంటే ఎక్కువ మత్తు

ఈ మత్తు దగ్గరనే మనం మోసపోతం. "పాపం, ఆపరేషన్ అయింది, పండుకోనీ" అనుకుంటం. లేపితే సరిగ్గ జవాబియ్యకుంటే అది ఆరాం కాదు. "బాగనే ఉన్న" అని ఆయన అన్నా నమ్మి ఊకోవద్దు. నొక్కుడు పడ్డ మెదడుకు తన సంగతి తనకే తెలవదు.

అందుకే డ్యూటీకి పోయే ముందు ఒకసారి లేపి పేరు, వారం, ఎక్కడున్నడో అడగండి. సైటు మీద పని అప్పజెప్పినట్టే, డే షిఫ్టోళ్లు నైట్ షిఫ్టోళ్లకు చెప్పి పోవాలె.

తేడా కనబడితే పనడాల్ ఇచ్చి తెల్లారేదాక చూడొద్దు. ముదీర్ ఫోన్ ఎత్తలేదని, కంపెనీ బండి రాలేదని ఆగొద్దు. అంబులెన్స్ నంబర్లు: యూఏఈ 998, సౌదీ 997, కువైట్ 112, ఖతార్, బహ్రెయిన్ 999, ఒమన్ 9999. "బ్రెయిన్ ఆపరేషన్ పేషెంట్" అని మొదలే చెప్పండి. డిశ్చార్జ్ కాగితాలు, మందులు వెంట తీసుకపోండి.

స్కాన్‌ల తెలుస్తది. అవసరమైతే సన్న పైపు వేసి ఆ నీళ్లను కడుపులోకి మళ్లిస్తరు. దాన్ని షంట్ అంటరు. అది కూడా ఏండ్ల తర్వాతైనా జామ్ కావచ్చు, అప్పుడూ చాలావరకు ఇవే గుర్తులు.

ఊర్ల ఉన్న ఇంటోళ్లకు వీడియో కాల్‌ల ముఖమే కనబడుతది. రాత్రి ఆయన ఎట్ల పండుకున్నడో తెలిసేది పక్క మంచం మీదోనికే. ఈ మెసేజ్ మీ రూమ్ గ్రూపుల పెట్టండి.