క్రిమి కోసం ఏడు వారాలు
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బాక్టీరియాలు, వైరస్‌ల గురించి పిల్లలకు నాలుగు వింతలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. తప్పకుండా చెబుతాను. కాని ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అది జరగకపోతే నేను మైక్రోబయాలజీ చదివేవాణ్ణి కాదు, 31 సంవత్సరాలు లాబులో పని చేసేవాణ్ణీ కాదు.

మా అన్న ఇక్కడే సోలాపూర్‌లో పవర్‌లూమ్ మీద చాదర్లు నేసేవాడు. 1986లో దగ్గు పట్టుకుంది. కార్ఖానాలో దూది దుమ్ము కదా, దానివల్లే అనుకున్నాం. మనిషి చిక్కిపోతుంటే తెమడ పరీక్ష చేయించాం. రెండుసార్లు స్లైడు చూశారు, రెండుసార్లూ టీబీ లేదనే రాశారు. తర్వాత ఒక డాక్టరు గారికి అనుమానం వచ్చి తెమడను కల్చర్‌కు పంపించారు. ఆ రిపోర్టు ఏడు వారాలకు పోస్టులో వచ్చింది. టీబీ క్రిములు ఉన్నాయని అందులో ఉంది. అప్పటికి అన్న పోయి పదహారు రోజులైంది. ఇంట్లో ఇంగ్లీషు చదవడం వచ్చింది నాకొక్కడికే కాబట్టి కవరు నేనే చింపాను. ఏం కాగితం రా అని అమ్మ అడిగితే, కాలేజీ కాగితం అని చెప్పాను.

ఇందులో తప్పెవరిదని చాలా ఏళ్ళు అనుకునేవాణ్ణి. చదువుకున్న తర్వాత తెలిసింది, లాబు వాళ్ళు చేయగలిగింది చేశారు. ఆలస్యం ఆ క్రిమి స్వభావంలోనే ఉంది.

ఎలాగంటారా? స్లైడు మీద టీబీ క్రిమి ఎర్రటి చిన్న పుల్లలాగా కనిపిస్తుంది. కాని ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములుంటే తప్ప మైక్రోస్కోపు కింద అవి మన కంటబడవు. అంతకన్నా తక్కువ ఉంటే వాటికి మేత పెట్టి పెంచాలి. దాన్నే కల్చర్ అంటారు. టీబీ క్రిమికి పెట్టే మేతలో కోడిగుడ్డు కూడా ఉంటుంది, చూడటానికి ఆకుపచ్చగా ఉంటుంది. అంత మర్యాద చేసినా అది త్వరగా పెరగదు.

రాత్రి తోడు వేసిన పాలు పొద్దునకు పెరుగవుతాయి కదా, బాక్టీరియాలు వేగంగా పెరగడం వల్లనే. మన పేగుల్లో ఉండే ఈ.కోలి అనే బాక్టీరియా అనుకూలమైన చోట 20 నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. రాత్రి 8 గంటలకు ఒక్కటి ఉందనుకోండి, మేత తరగకపోతే పొద్దున 6 గంటలకు 30 చీలికలు. లెక్క వేస్తే 100 కోట్లు దాటుతాయి. పిల్లలు ఇంటికి వెళ్ళి ఒకటిని రెండుతో 30 సార్లు హెచ్చించి చూడండి. టీబీ క్రిమి ఒక్కసారి చీలడానికే 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది. అందుకే కల్చర్‌కు అన్ని వారాలు. జర్మనీలో రాబర్ట్ కోహ్ ఈ క్రిమిని కనిపెట్టినట్టు 1882 మార్చి 24న ప్రకటించాడు. ఆయన గొప్పతనం ఓపికలో కూడా ఉంది. మూడు నాలుగు రోజులు చూసి గొట్టాలు పారబోసి ఉంటే ఏమీ దొరికేది కాదు. రెండో వారంలో గాని చుక్కలు కనబడలేదు.

మరి ఇప్పుడు? క్రిమి పెరిగేదాకా ఆగనక్కరలేదు. దాని డి.ఎన్.ఎ.లో ఒక చిన్న ముక్కను మనమే పెంచుతాం. దీని పేరు పి.సి.ఆర్. అమెరికాలో కేరీ మల్లిస్‌కు 1983లో ఈ ఆలోచన వచ్చింది, 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. డి.ఎన్.ఎ.ను 95 డిగ్రీల దాకా వేడి చేస్తే రెండు పోగులూ విడిపోతాయి. చల్లార్చి ఒక ఎంజైమును పనిలో పెడితే ఒక్కొక్క పోగుకు జత పోగును అల్లుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇక్కడా 30 చుట్లకు 100 కోట్లే, కాని గంటా రెండు గంటల్లో!

చిక్కు ఎక్కడంటే, ఆ వేడికి మామూలు ఎంజైములు పాడైపోతాయి. ప్రతి చుట్టుకూ కొత్తగా వేయాల్సి వచ్చేది. దీనికి పరిష్కారం వేడినీటి బుగ్గలో దొరికింది. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో 70 డిగ్రీల నీళ్ళలో హాయిగా బతికే బాక్టీరియా ఒకటుంది. 1966లో థామస్ బ్రాక్ అనే ప్రొఫెసరు, హడ్సన్ ఫ్రీజ్ అనే విద్యార్థి కలిసి దాన్ని పెంచారు. ఫ్రీజ్ అప్పటికి ఇంకా డిగ్రీ చదువుతున్నాడు, మీలో కొందరి వయసే. టీబీ మందు కోసమో పరీక్ష కోసమో వాళ్ళు వెతకలేదు. అంత వేడిలో ఏం బతుకుతుందో చూద్దామని వెళ్ళారు. దాని ఎంజైము మరిగే వేడికి దగ్గరగా ఉన్నా చెడదు.

వైరస్‌లలోనూ ఇలాంటి వింత ఉంది. కరోనా వైరస్‌లో డి.ఎన్.ఎ. ఉండదు, ఆర్.ఎన్.ఎ. ఉంటుంది. దాన్ని ముందు డి.ఎన్.ఎ.గా మార్చుకోవాలి. అలా మార్చే ఎంజైము కొన్ని వైరస్‌లలో ఉన్నట్టు 1970లో తెలిసింది. అంటే వైరస్‌ను పట్టడానికి వైరస్ పనిముట్టే అన్నమాట.

టీబీకి జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించింది. సుమారు రెండు గంటల్లో టీబీ ఉందా లేదా, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేదా అన్నది చెబుతుంది. మన దేశంలో బెంగళూరు, గోవా సంస్థలు తయారు చేసిన ట్రూనాట్‌కు 2020లో ఆ సంస్థ సిఫారసు దొరికింది. అది బాటరీ మీద కూడా నడుస్తుంది. కరెంటు పోతుందని భయం లేదు.

ఈ పరీక్షలకూ హద్దులున్నాయి. చచ్చిన క్రిమి డి.ఎన్.ఎ.ను కూడా అవి పట్టుకుంటాయి. అందుకే మందులు పని చేస్తున్నాయా అని చూడటానికి ఇప్పటికీ పాత స్లైడూ కల్చరే కావాలి. ఆ పాత మైక్రోస్కోపును నేను అంత తేలిగ్గా తీసిపారేయను.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మన వాళ్ళ ఇంట్లోనే ఒక అమ్మాయికి, పన్నెండో తరగతి పిల్ల, నెల రోజులు దగ్గు. స్లైడులో ఏమీ లేదు. యంత్రంలో అదే రోజు టీబీ అని తేలింది, మామూలు మందులకు లొంగే రకమేనని కూడా తెలిసింది. గండం అక్కడితో గడిచిందనుకున్నాను. మర్నాడు వాళ్ళ నాయన వచ్చి, "సార్, పేరు రాయించకండి. రేపు పిల్లకు సంబంధాలు రావు" అన్నాడు. యంత్రం రెండు గంటల్లో చెప్పింది. ఆయనను ఒప్పించడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పిల్లను ఊరికి పంపించేద్దామని మేనత్త పట్టు. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధనలో, ఇంట్లో ఉండి మందులు వాడినవారికి శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగానే నయమైందని, దానివల్ల ఇంట్లోవారికి ప్రమాదమేమీ పెరగలేదని తేలింది. ఆ సంగతి ఆమెకు మూడుసార్లు చెప్పాను. చివరికి అన్న ఫొటో చూపించాను. ఆరు నెలల మందులు పూర్తయ్యాయి. పిల్ల బి.కామ్.లో చేరింది.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే సర్కారు దవాఖానాలో పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. తిండి ఖర్చుకు 2018 నుంచి రోగి ఖాతాలో డబ్బు వేస్తున్నారు, 2024 నవంబరులో దాన్ని నెలకు 1,000 రూపాయలు చేశారు.

భోజనాలయ్యాక నేను వెనక వరండాలో కూర్చుంటాను. నలుగురిలో అడగడానికి మొహమాటమైతే అక్కడికి రండి. పేరు చెప్పనక్కరలేదు.