ఆ రిజిస్టరు ఒకసారి చూపించండి



మస్టర్ రోల్ తెలుసు కదా? పనికి ఎవరొచ్చారు, ఎన్ని రోజులు చేశారు, కూలి ఎంత ఇచ్చారు, అన్నీ రాసే రిజిస్టరు. మూడు దశాబ్దాల కిందట రాజస్థాన్‌ పల్లెల్లో కూలీలు దాన్నే చూపించమన్నారు. చేసిన పనికి పూర్తి కూలి చేతికి రావడంలేదు మరి. కుదరదన్నారు అధికారులు. సామాజిక కార్యకర్త అరుణా రాయ్ వంటివారు కూలీలతో కలిసి పెట్టిన సంఘం, ఆ లెక్కలు సంపాదించి ఊరందరి ముందూ చదివించింది. చూస్తే చచ్చిపోయినవాళ్లు కూడా కూలి తీసుకున్నట్టు రాసుంది! ఇలాంటి లెక్కలు చూసే హక్కు కోసం 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. ఆ పోరాటం పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టమైంది.

మరి ఆ చట్టం కింద సమాచారం ఎలా అడగాలి? తెల్లకాగితం మీద, తెలుగులోనే రాయండి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, రాసుకోవడానికి సాయం చేయాల్సింది ఆ కార్యాలయంలోని సమాచార అధికారే. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు ఫీజు కూడా లేదు. ఎందుకు కావాలో మీరు చెప్పనక్కర్లేదు. అవును, చెప్పనక్కర్లేదు.

ఒక్క కిటుకు. ‘మా రోడ్డు ఎందుకు పాడైంది?’ అని అడగకండి. అది వాదన కిందికి పోతుంది. ‘ఆ రోడ్డు ఎస్టిమేటు, బిల్లు, ఎం బుక్ నకళ్లు ఇవ్వండి’ అనండి. ఎం బుక్ అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం. కాగితం అడిగితే కాగితమే ఇవ్వాలి.

దరఖాస్తు ఇచ్చాక తేదీ వేయించి రసీదు తీసుకోండి. ముప్పై రోజుల గడువు దాటితే అదే శాఖలో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు ఆ రసీదే మీ సాక్ష్యం.