పూతతొట్టిలోని లోహమును వెలుతురుతో కొలుచుట


అడవియంచున నున్న యీ జూలూరుపాడులో మన మిట్లు కూడుట సంతోషకరము. కాగిన లోహపు రంగును జూచి పదును నిర్ణయించుట మన కమ్మరి, కంచర, కంసాలి పెద్దలకు కంటితోనే యబ్బిన విద్య. నేడు మన యువకులు కొందరు విద్యుత్తుతో లోహపు పూత వేయు పనిలో కుదురుకొనుచున్నారు. బందరు చేరువనున్న చిలకలపూడి పూతనగలకు ప్రసిద్ధి. 1840లో ఇంగ్లండున ఎల్కింగ్టనులు బంగారు, వెండి పూతలకు పేటెంటు పొందిన పిదప నీ విద్య లోకమంతట వ్యాపించినది.

పూతతొట్టిలో లోహము తగ్గినచో పూత యంచులు నల్లబడును. మితిమీరినచో కడుగునీటితో సరకు పోవును. రంగు జూచి యంచనా వేయుటయు, నమూనాను పరీక్షశాలకంపి కాచుకొనుటయు నష్టమునకే దారితీయవచ్చును.

ఇందులకు కాంతిమాపకము తగిన సాధనము. మైలుతుత్తపు ద్రవము ఎఱ్ఱని వెలుతురును మ్రింగును గనుకనే నీలముగ గనబడును. ఎల్.ఇ.డి. దీపపు వెలుతురును ద్రవము గుండ బంపి, ఆవల నెంత మిగిలెనో ఫొటోడయోడుతో కొలుతురు. రాగికి 800 నానోమీటరుల చేరువనుండు, కంటికి గానరాని వెలుతురు మిక్కిలి యనుకూలము. లోహ మొక పాలున్నపుడు వెలుతురు సగము దాటినచో, రెండు పాళ్ళున్నపుడు నాలుగవవంతే దాటును. ఇది 1852లో జర్మను పండితుడు బేర్ వెల్లడించిన సూత్రము. లోహము తగ్గినంతనే యంత్రము హెచ్చరించును. కొన్నియెడల కావలసిన మోతాదును తానే పోయించును.

అయినను దీనికి హద్దులు గలవు. సాధారణముగ బంగారు సయనైడు ద్రవమునకు రంగులేదు గనుక కంటికి గనబడు వెలుతురుతో దానిని కొలువజాలము. గాజుకిటికీపై మడ్డి పేరినను, ద్రవము కలగినను లెక్క తప్పును. కావున లోహము మ్రింగని వేఱొక వెలుతురుతో సరిపోల్చుటయు, తెలిసిన గాఢతగల ద్రవముతో అప్పుడప్పుడు సరిచూచుటయు నవసరము.

ఇది లాభనష్టముల మాట మాత్రమే కాదు. చెడినదని తలచి పారబోసిన తొట్టినీరు వాగున గలిసినచో రాగి చేపలను జంపును. సయనైడు మనుష్యులకును, పశువులకును ప్రాణాంతకము. నికెలు తగిలినచో కొందరి చేతులకు దద్దురు లేచును. సరిగా కొలిచినచో ద్రవము చాలకాలము నిలుచును, పారబోయు పని తగ్గును.

కావున రసాయనశాస్త్రమును, యంత్రవిద్యను చదువు మన బాలబాలికలకు వేతనము లొసగుడనియు, పది దుకాణములు కలిసి యొక కాంతిమాపకమును కొనుటకు తోడ్పడుడనియు పోషకులను వేడుచున్నాము. పెద్దల కంటిచూపును త్రోసిపుచ్చుమని మేము చెప్పము. దానికి తోడుగ నొక నికరమైన లెక్క యుండవలెననియే మా మనవి.