చివరి బెంచీ పిల్లకీ జవాబు చెప్పే వంతు రావాలి
(టీచర్లు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలకు ఇంగ్లీషు కావాలా వద్దా అనే చర్చ మనకు అక్కర్లేదు. అది ఎప్పుడో తేలిపోయింది. సావిత్రీబాయి ఫూలే 1854లో అచ్చయిన తన 'కావ్యఫులే'లోనే శూద్రులనూ అతిశూద్రులనూ ఇంగ్లీషు నేర్చుకొమ్మని పిలుపిచ్చారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం అని జీవో 81 తెచ్చింది. తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకున్న పెద్దల్లో ఎంతమంది తమ పిల్లల్ని తెలుగు మీడియం బడికి పంపారు? 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. జీవోలూ కోర్టులూ ఒక పోరాటం. రేపు పొద్దున మూడో తరగతిలోకి వచ్చి కూచునే పిల్ల నోట ఇంగ్లీషు ఎట్లా పలికించాలనేది ఇంకో పోరాటం. ఈ రోజు ఈ రెండోదాని గురించి మాట్లాడతాం.

ఇప్పుడు ఇంగ్లీషు పాఠానికి ఆన్‌లైన్ క్విజ్ ఆటలు వచ్చాయి. నార్వేలో పుట్టిన కహూట్ ఒకటి. 2015లో బెంగుళూరులో మొదలై, 2025లో వేగ్రౌండ్ అని పేరు మార్చుకున్న క్విజీజ్ ఇంకొకటి. ప్రశ్న వస్తుంది, కింద జవాబులు వస్తాయి, పిల్లలు సెల్లు మీద నొక్కుతారు. తప్పో ఒప్పో అక్కడికక్కడే తేలుతుంది. పిల్లలకు హుషారు పుడుతుంది. ఇది మంచిదే. తప్పు చేస్తే బెత్తం దెబ్బ పడదు, ఇంకో ప్రశ్న వస్తుంది.

కానీ ఈ ఆటలో ఎవరు గెలుస్తున్నారో చూడండి. కహూట్‌లో సరైన జవాబు ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ మార్కులు. ఇంట్లో రోజూ సెల్లు పట్టుకునే పిల్లాడి వేలు ముందు పడుతుంది. మన గూడెం పిల్ల ప్రశ్నను కూడబలుక్కుని చదివేలోపు గడియారం అయిపోతుంది. ఆ పిల్లకు ఇంగ్లీషు రాదని తెర మీద తేలుతుంది. 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న పల్లెటూరి కుటుంబాలు నూటికి 15. ఆ తరవాత చవక సెల్లులు వచ్చాయి, నిజమే. కానీ కూలోళ్ళ ఇంట్లో ఉండేది ఒక్క సెల్లు. అది పొద్దున్నే నాయనతో పాటు పనికి పోతుంది. 'ఇంటి దగ్గర ఆడుకు రండి' అని చెప్పే టీచరు ఎవరికి పాఠం చెబుతున్నట్టు?

తరగతిలో జవాబు చెప్పడమనేది మన దేశంలో ఎన్నడూ ఒక్క తెలివికి సంబంధించిన విషయం కాదు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చెయ్యమని టీచరు అంబేద్కర్‌ను బోర్డు దగ్గరికి పిలిచాడు. బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరుగెత్తి తీసేసుకున్నారు. ఇవ్వాళ డబ్బాలు తియ్యరు. అయినా ముందు బెంచీ చెయ్యెత్తుతుంది, టీచరు ముందు బెంచీనే అడుగుతాడు, ఏడాది గడిచిపోతుంది. వెనక కూచున్న పిల్లకు వచ్చో రాదో ఎవరూ కనుక్కోరు.

అందుకే మేం చెప్పేదేమంటే, ఆటను మనకు పనికొచ్చేట్టు మార్చుకోవాలి. ప్లికర్స్ అని ఒకటుంది. దీనికి పిల్లల చేతిలో సెల్లు అక్కర్లేదు. ఒక్కో పిల్లకు ఒక్కో కాగితం కార్డు. దాని మీద నలుపు తెలుపు గుర్తు, నాలుగు వైపులా ఎ, బి, సి, డి అనే చిన్న అక్షరాలు. తనకు తోచిన జవాబు అక్షరం పైకి వచ్చేట్టు కార్డు తిప్పి పట్టుకోవాలి. టీచరు తన సెల్లు కెమెరాతో తరగతినంతా ఒకసారి చూపిస్తే ఎవరి జవాబేమిటో సెల్లులో పడుతుంది. కార్డుల గుర్తులు దేనికది వేరు. పక్కోడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. 40 కార్డుల సెట్టు ఉచితంగా దొరుకుతుంది. అచ్చు తీసి అట్టకు అంటిస్తే చాలాకాలం వస్తుంది. క్విజీజ్‌లో కూడా ఇట్లాంటి కాగితం పద్ధతి పెట్టారు.

ఇక్కడ నలభైమందీ ఒకేసారి జవాబు చెబుతారు. ముందు బెంచీ లేదు, వెనక బెంచీ లేదు. గడియారం లేదు. తప్పు చేసినోళ్ళెవరో టీచరుకే తెలుస్తుంది, పదిమందిలో నవ్వులపాలు కారు. సెల్లులో పిల్లల ఇంటిపేర్లు ఎక్కించకండి, కార్డు నెంబరు చాలు. మన దగ్గర ఇంటిపేరు చూసి కులం పసిగట్టే కళ్ళు చాలా ఉన్నాయి. తెర మీద ఫస్టు, సెకండు అని వరస పెట్టకండి. వరసలో నిలబెట్టి ఎక్కువ తక్కువలు చెయ్యడం మనకు కొత్తగా నేర్పాలా? మార్కులు వెయ్యాల్సి వస్తే తరగతి మొత్తానికి వెయ్యండి. నిన్న పన్నెండుమందికి వచ్చింది, ఇవాళ ఇరవైమందికి వచ్చింది. అందరం గెలిచినట్టే.

ప్రశ్నలు కూడా మనమే రాసుకోవాలి. రెడీమేడ్ క్విజ్‌లలో మంచు బొమ్మలు, పిజ్జాలు వస్తాయి. ఎప్పుడూ చూడని వస్తువుకు ఇంగ్లీషు పేరు రాకపోతే అది పిల్ల తప్పా? గేదె, కొడవలి, మిరపకాయ, నారు, బోరింగు, రేషను బియ్యం... వీటితో మొదలుపెట్టండి. 'మై మదర్' అని రాసి తర్వాత 'వర్క్స్ ఇన్ ది ఫీల్డ్' అని రాయడానికి సిగ్గెందుకు?

ఒక ఉదాహరణ చూడండి. 'షీ' తరవాత ఏం రావాలి: గో, గోస్, గోయింగ్, గాన్? సగంమంది 'గో' పట్టుకున్నారనుకోండి. అక్కడ ఆట ఆపాలి. మన తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తుంది అని మనిషిని బట్టి మాట మారుతుంది కదా, ఇంగ్లీషులో హీ, షీ, ఇట్ దగ్గర మాత్రమే అట్లా మారుతుందని చెప్పాలి. తెలుగులో చెప్పండి, తప్పేం లేదు. అదే ప్రశ్న మళ్ళీ ఇవ్వండి. రెండు రోజులాగి ఇంకోసారి ఇవ్వండి. మర్చిపోబోతున్నదాన్ని మళ్ళీ గుర్తు తెచ్చుకున్నప్పుడే మాట నిలబడుతుంది.

అయితే ఒక హెచ్చరిక. నాలుగింటిలో ఒకటి గుర్తుపట్టడం ఇంగ్లీషు రావడం కాదు. కార్డు తిప్పిన పిల్ల నోరు కూడా తెరవాలి. పావుగంట ఆట చాలు. మిగతా సమయమంతా ఆ మాటలతోనే ఒకరినొకరు అడగాలి, చెప్పాలి. రేపు ఇంటర్వ్యూలో, ఆఫీసులో, పోలీస్‌స్టేషన్లో మన పిల్లను కార్డు చూపించమనరు, మాట్లాడమంటారు.

తల్లిదండ్రులకు ఒక మాట. దీనికోసం అప్పుచేసి సెల్లు కొనకండి. బడికెళ్ళి అడగండి: ఇంగ్లీషు పీరియడ్‌లో మా పిల్లకు జవాబు చెప్పే వంతు వచ్చిందా? 2022 డిసెంబరులో ఆంధ్రలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. మరి మూడు, నాలుగు, అయిదు తరగతుల సంగతేమిటి? ప్రతి ప్రాథమిక బడికీ ఇంటర్నెట్, ఒక సెల్లు, కార్డుల అచ్చు ఖర్చు ప్రభుత్వమే ఇవ్వాలి. టీచర్లు సొంత డేటాతో బడి నడపడం దానధర్మం అవుతుంది. మనకు కావాల్సింది హక్కు.

ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు. మన పిల్లల వేళ్ళు వాళ్ళ చేతికే ఉండాలి. ఆ చేత్తో కార్డు ఎత్తాలి, నోటితో ఇంగ్లీషు మాట్లాడాలి.

జై భీమ్!